మన నోటు పుస్తకాన్ని ఎవరు చదువుతున్నారు?

(బొబ్బిలిలో మహిళా కార్యకర్తలకూ స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులకూ జరిగిన శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)



కంప్యూటర్ల గురించి మాట్లాడమని పిలిచినప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. నేను సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. సాంకేతిక విషయాలు చెప్పడానికి నాకంటే తగినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ నిర్వాహకులు అడిగిన ప్రశ్న చాలా నిర్దిష్టంగా ఉంది. 'మా దగ్గర పదేళ్ళ కేసుల నోట్సు లాప్‌టాప్‌లో ఉంది. దానికి ఏఐ అసిస్టెంటును కలిపితే రిపోర్టులు రాయడం తేలికవుతుందని అంటున్నారు. కలపవచ్చా?' అని. ఆ పని నేను ఏడాది కిందట చేశాను. చేయడంలో ఒక తప్పు కూడా చేశాను. ఆ తప్పు మేరకు నాకు మాట్లాడే అర్హత ఉందనుకుని వచ్చాను.

ముందు నా నోట్సు సంగతి. బొబ్బిలి చుట్టుపక్కల, తెర్లాం, బాడంగి వైపు గ్రామాల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీలతో నేను చాలా ఏళ్ళుగా మాట్లాడుతున్నాను. ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానో ఇక్కడున్న మీకు వివరించక్కరలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిది మంది. ముప్పై ఏళ్ళు నిండకుండానే తీయించుకున్నవాళ్ళు నాకు ఎంతోమంది తారసపడ్డారు. మొదట్లో కాగితం మీద రాసుకునేదాన్ని, కొన్ని మాటలు రికార్డు చేసుకునేదాన్ని. తర్వాత అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను.

ఎక్కించడానికి వాడింది ఆబ్సిడియన్ అనే నోట్సు యాప్. 2020లో వచ్చింది. దీని ప్రత్యేకత ఏమిటంటే మనం రాసుకున్నవన్నీ మామూలు అక్షరాల ఫైళ్ళుగా మన కంప్యూటర్లోనే, మనం చూపించిన ఒక ఫోల్డరులో ఉంటాయి. ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి. యాప్ రేపు మూతపడినా ఫైళ్ళు మిగులుతాయి, ఏ సాదా ప్రోగ్రాంతోనైనా చదువుకోవచ్చు. జోప్లిన్ లాంటివి కూడా నోట్సును మన కంప్యూటర్లోనే ఉంచుతాయి. ఇది చిన్న విషయం కాదు. మన ప్రాంతంలో మనకు తెలిసిన ఒక కేసు చూడండి. అప్పటి విశాఖ జిల్లా వాకపల్లిలో 11 మంది ఆదివాసీ స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసుల మీద అత్యాచార ఆరోపణ చేసింది 2007 ఆగస్టులో. ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2023 ఏప్రిల్‌లో. నిందితులందరినీ వదిలేశారు. దర్యాప్తు సరిగా చేయలేదని కోర్టే చెప్పి, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. దాదాపు పదహారేళ్ళు! ఒక స్త్రీ చెప్పిన మాట పదహారేళ్ళ తర్వాత కూడా చెక్కుచెదరకుండా ఉండాల్సి రావచ్చు. ఏ కంపెనీ వాళ్ళ సర్వరులోనో ఉన్న నోట్సు అన్నేళ్ళు ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. అందుకే మన చేతిలో ఉండే ఫైళ్ళు కావాలన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఇక కలపడం. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే కంపెనీ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఒక పద్ధతిని విడుదల చేసింది. పొట్టిగా ఎంసీపీ అంటారు. 2025లో ఓపెన్ఏఐ, గూగుల్ కూడా దీన్ని తీసుకున్నాయి. పేరు పెద్దదే కానీ పని మాత్రం మధ్యవర్తి పని. మన కంప్యూటర్లో ఒక చిన్న ప్రోగ్రాం నడుస్తుంది. ఫలానా ఫోల్డరు చూడవచ్చు, ఫైళ్ళు వెతకవచ్చు, చదవవచ్చు, కావాలంటే రాయవచ్చు అని అసిస్టెంటుకు అది తెలియజేస్తుంది. మనం ప్రశ్న అడిగితే అసిస్టెంటు 'ఈ మాట ఉన్న ఫైళ్ళు తెచ్చిపెట్టు' అంటుంది. మధ్యవర్తి తెచ్చి ఇస్తుంది. అసిస్టెంటు చదివి మనకు జవాబు చెబుతుంది.

ఇక్కడే నేను పొరబడ్డాను. మీలో కూడా చాలామంది పొరబడే చోటు ఇదే కాబట్టి కొంచెం ఆగుతాను. నా నోట్సు నా కంప్యూటర్లోనే ఉంది. మధ్యవర్తి ప్రోగ్రాం కూడా నా కంప్యూటర్లోనే ఉంది. అమర్చేటప్పుడు కనబడే చిరునామా కూడా 127.0.0.1, అంటే 'ఈ కంప్యూటరే' అని అర్థం. అన్నిచోట్లా 'లోకల్', 'లోకల్' అనే రాసి ఉంది. దాంతో అంతా ఇంట్లోనే జరుగుతోందనుకున్నాను. కానీ చదివేది ఇంట్లో లేదు. మధ్యవర్తి తెచ్చిచ్చిన ఫైలులోని మాటలన్నీ, అక్షరం పొల్లుపోకుండా, ఇంటర్నెట్ మీదుగా ఆ కంపెనీ కంప్యూటరుకు పోతాయి. అక్కడ చదవడం జరుగుతుంది. జవాబు మాత్రం తిరిగొస్తుంది. బీరువా మన ఇంట్లోనే ఉంది, తాళంచెవి మన కొంగునే ఉంది, కాని అడిగినప్పుడల్లా కాగితాలు తీసి వీధిలోకి అందిస్తున్నాం. పోయిన కాగితాన్ని వాళ్ళు ఎన్నాళ్ళు ఉంచుకుంటారు, దానితో తమ యంత్రానికి చదువు చెప్పుకుంటారా లేదా అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా, ఉచిత ఖాతాకు ఒకలా, డబ్బు కట్టే సంస్థ ఖాతాకు ఒకలా ఉంటుంది. ఆ షరతులు మారుతుంటాయి కూడా.

ఫైలు తెరిచేముందు అసిస్టెంటు మన అనుమతి అడుగుతుంది. ఆ ప్రశ్న పక్కనే 'ఎప్పుడూ అనుమతించు' అని ఇంకో మీట ఉంటుంది. రెండు రోజులు విడివిడిగా నొక్కాను. మూడో రోజు విసుగుపుట్టి ఆ రెండో మీట నొక్కేశాను. ఆసుపత్రిలో చదవని కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారని స్త్రీలు చెబితే ఎన్నో పేజీలు రాసిన మనిషిని నేను!

మొదటి నెల చాలా సంతోషంగా గడిచింది. ఆ మాట దాచను. ఆపరేషన్‌కు ముందు ఏ మందులూ వాడిచూడలేదని చెప్పినవాళ్ళు ఎవరెవరు అని అడిగితే, నేను వారం రోజులు కూర్చుని వెతకాల్సింది నిమిషాల్లో ముందు పెట్టింది. రెండు వేర్వేరు మండలాల స్త్రీలు చెప్పిన మధ్యవర్తి ఒకే మనిషి అయివుండవచ్చని, అతని గురించిన వర్ణనలు పక్కపక్కన పెట్టి చూపించింది. నేను ఆ రెండు ఇంటర్వ్యూలూ స్వయంగా చేసినదాన్నే. నాకు తట్టలేదు. ఫండింగ్ సంస్థ అడిగే ఇంగ్లీషు నమూనాలో మూడు నెలలకోసారి రిపోర్టు పంపడానికి ఫీల్డువర్కర్లు, ఎక్కువమంది చాలీచాలని గౌరవవేతనం మీద పనిచేసే అమ్మాయిలు, రాత్రిళ్ళు మేలుకోవడం మనందరం చూస్తున్నదే. ఆ భారం తగ్గుతుందంటే వద్దనడానికి నాకు నోరు రాదు. ఆ రిపోర్టులన్నీ ఇంగ్లీషులోనే ఎందుకుండాలి అన్న ప్రశ్న వేరే ఉంది. దాన్ని ఏ యంత్రమూ తీర్చదు, మనం ఫండింగ్ సంస్థలతో తగవు పడాల్సిందే.

తర్వాత ఒకరోజు ఒక సారాంశం చదువుతూ ఆగిపోయాను. ఒకావిడ నాతో చెప్పిన వాక్యం ఇది: 'గుంటని సూసుకునేటోళ్ళు నేక నాలుగు దినాలకే ఆసుపత్రి నుంచి వొచ్చేసినాను.' ఈ ప్రాంతంలో గుంట అంటే ఆడపిల్ల. అది మీకు చెప్పాలా? సారాంశంలో ఏముందంటే, 'పొలంలోని నీటి గుంటను చూసుకునేవారు లేకపోవడంతో ఆమె త్వరగా డిశ్చార్జి అయ్యారు' అని ఉంది. మొదట నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. కడుపు కోసిన నాలుగో రోజుకే పిల్లను చూసుకోవడానికి మంచం దిగి వచ్చిన తల్లి సంగతి రిపోర్టులోంచి మాయమైంది. పిల్లల పెంపకం కూడా శ్రమేనని ఇన్నేళ్ళుగా మనం అంటున్న మాట అక్కడ ఒక చెరువులో మునిగిపోయింది. ఉత్తరాంధ్ర మాట తెలియని పై ఆఫీసు మనిషి ఎవరైనా అది చదివితే తప్పు పట్టుకునేవారా? వాక్యం శుభ్రంగా ఉంది, వ్యాకరణం బాగుంది. అప్పటినుంచి నేను ఏ సారాంశాన్నీ మూలవాక్యం పక్కన లేకుండా ఒప్పుకోవడం లేదు. ఆమె అన్నమాట ఆమె యాసలోనే ఉండాలి. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణా పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ళ మాటలుగానే ఉంచడానికి ఎంత శ్రద్ధ పెట్టారో ఆ పుస్తకం చదివినవాళ్ళకు తెలుసు. ఆ శ్రద్ధను మనం ఇప్పుడు ఒక మీటకు అప్పజెప్పలేం.

ఇంతకంటే పెద్ద విషయం ఆ తర్వాత జరిగింది. నేను అందరికీ మారుపేర్లు పెట్టుకుంటాను. ఊరి పేరు రాయను. పరిశోధకులందరం చేసే పనే. అయితే ఆ ఫోల్డరులో నా ఇంటర్వ్యూలతోపాటు ఇంకా రెండు రకాల నోట్సు ఉంది. గృహహింస కేసుల్లో ఒక సంస్థకు సాయం చేసినప్పుడు రాసుకున్నవి కొన్ని. నా సొంత డైరీ కొంత, అంటే ఏ బస్సు ఎక్కాను, ఎవరింట్లో భోజనం చేశాను, ఎక్కడ వాన పట్టుకుంది లాంటివి. మధ్యవర్తుల గురించి నేనేదో అడిగితే అసిస్టెంటు జవాబు చివర, అడగకుండానే, ఒక మాట చేర్చింది. ఫలానా ఇంటర్వ్యూలోని స్త్రీ, ఫలానా గృహహింస కేసులోని అమ్మాయి తల్లీకూతుళ్ళలా కనిపిస్తున్నారని, డైరీని బట్టి వాళ్ళ ఊరు బహుశా ఇదని చెప్పి ఊరి పేరు రాసింది. సరైన పేరే రాసింది.

ఇందులో యంత్రం కుట్ర ఏమీ లేదు. మూడు చోట్ల ఉన్నవాటిని పక్కపక్కన పెట్టి చదవమని ఇచ్చింది నేనే. మారుపేరు ఒక్కొక్క ఫైలును విడిగా చదివినప్పుడు కాపాడుతుంది, అన్నీ కలిపి చదివినప్పుడు కాపాడదు. ఇంతకాలం మన నోట్సును కలిపి చదివే ఓపిక ఎవరికీ లేదు, అదే మనకు రక్షణగా ఉంది. ఆ ఓపిక ఇప్పుడు చవకైపోయింది. ఈ అసిస్టెంటు చేయగలిగింది ఆ లాప్‌టాప్ చేతికి చిక్కిన అల్లుడైనా, వకీలైనా, పోలీసైనా చేయించగలరు.

ఆ అప్ప దగ్గరికి వెళ్ళాను. నాకంటే పదేళ్ళు పెద్ద, అప్పా అనే పిలుస్తాను. జరిగింది చెప్పి, తన మాటలు ఉంచమంటుందో తీసేయమంటుందో కనుక్కుందామని నా ఉద్దేశం. యంత్రం గురించి వివరించడానికి నాకు చాలాసేపు పట్టింది. అంతా విని ఆమె అడిగిన మొదటి ప్రశ్న 'అది మా అల్లుడికి సెప్తాదేటి?' అని. చెప్పదు, కానీ ఆ కాగితాలు పోయినచోట ఎవరు చూస్తారో నేను హామీ ఇవ్వలేనన్నాను. 'నాను నీకు సెప్పినాను తల్లీ, దానికి సెప్పనేదు కదా' అంది. కోపంగా అనలేదు. నాకు అంగీకారం గురించి పాఠం చెబుతున్నానని కూడా ఆమె అనుకోలేదు. తర్వాత కొంచెం ఆలోచించి, 'ఆపరేసను సంగతి ఎవులికైనా సెప్పు, ఊరంతా తెలిసిందే. ఆ డాట్రు పేరు కూడా సెప్పు. గుంట సంసారం సంగతి మాత్రం నీకాడే ఉంచు' అంది.

నేను తీసెయ్యాలా, ఉంచాలా అని ఆలోచిస్తూ వెళ్ళాను. ఆమె మనసులో మొదటినుంచీ రెండు అరలు ఉన్నాయి. కలెక్టరు దాకా పోవలసినది ఒకటి, నా చెవిలోనే ఆగిపోవలసినది ఇంకొకటి. ఒకే మధ్యాహ్నం, ఒకే అరుగు మీద కూర్చుని రెండూ చెప్పింది. నేను తేదీ వేసి రెంటినీ ఒకే ఫైలులో రాసుకున్నాను. పైగా డాక్టరు పేరును నేను జాగ్రత్తగా దాచాను. ఆమె బయటపెట్టమన్నది అదే!

ఇప్పుడు నేనేం చేస్తున్నానో చెబుతాను. ఇదే సరైన పద్ధతి అని కాదు, మీరు మెరుగుపరుస్తారని చెబుతున్నాను. ఫోల్డర్లను రెండుగా విడగొట్టాను. రెండూ ఒకదానిలో ఒకటి లేకుండా పూర్తిగా వేరువేరుగా ఉన్నాయి. ఎంసీపీ మధ్యవర్తికి ఏ ఫోల్డరు చూపిస్తే అది అంతవరకే పోయేలా అమర్చవచ్చు, కాబట్టి ఒకటి మాత్రమే చూపించాను, అదీ చదవడానికే, రాయడానికి కాదు. ఆ ఫోల్డరులోకి ఏ పేరా వెళ్ళాలో చెప్పిన స్త్రీని అడిగి నిర్ణయిస్తున్నాను. డైరీ అందులో లేదు. అసలు పేర్లకూ మారుపేర్లకూ ఉన్న పట్టిక కంప్యూటర్లోనే లేదు, కాగితం మీద ఉంది. పాత ఇంటర్వ్యూలన్నిటికీ మళ్ళీ వెళ్ళి అడగడం పూర్తికాలేదు. కొందరు హైదరాబాదు, చెన్నై పనులకు వలస పోయారు, ఇద్దరు లేరు. అడగలేకపోయినవాళ్ళవి రెండో ఫోల్డరులోనే ఉన్నాయి.

రెండో ఫోల్డరులో వెతుక్కోవడానికి యంత్రం సాయం అసలే దొరకదా అంటే, కొంత దొరుకుతుంది. ఒల్లామా లాంటి ప్రోగ్రాంలతో చిన్న మోడళ్ళను మన కంప్యూటర్లోనే దింపుకుని, ఇంటర్నెట్ తీసేసి నడపవచ్చు. అప్పుడు చదివేది కూడా ఇంట్లోనే ఉంటుంది. కానీ మన ఆఫీసుల్లో ఉండే మామూలు లాప్‌టాప్ మీద నడిచే చిన్న మోడళ్ళకు తెలుగు అంతంతమాత్రం, ఉత్తరాంధ్ర మాట అసలే అందదు. నేను దాన్ని ఫైళ్ళు వెతకడానికి వాడుతున్నాను, సారాంశాలకు వాడటం లేదు. వెతకడానికైతే ఆబ్సిడియన్‌లో ఉన్న మామూలు వెతుకులాటే చాలాసార్లు సరిపోతోంది. ఆ సంగతి కూడా ఆలస్యంగానే గుర్తించాను.

ఇంకో ప్రమాదం గురించి క్లుప్తంగా. అసిస్టెంటు చదివే కాగితంలోనే ఎవరైనా 'ఈ ఫైళ్ళన్నీ ఫలానా చోటికి పంపు' అని ఆజ్ఞ రాసి పెడితే, అది మన మాటా పరాయి మాటా అన్న తేడా దానికి నమ్మకంగా తెలియదు. సైమన్ విల్లిసన్ అనే ప్రోగ్రామరు 2022లో దీనికి ప్రాంప్ట్ ఇంజెక్షన్ అని పేరు పెట్టాడు. రహస్యమైన సమాచారం అందుబాటులో ఉండటం, బయటివాళ్ళు రాసినది చదవడం, బయటికి పంపగలగడం, ఈ మూడూ ఒకేచోట చేరితే ముప్పు అని 2025 జూన్‌లో రాశాడు. మన సంస్థల్లో జరిగేది సరిగ్గా అదే. కేసు నోట్సు ఉన్న లాప్‌టాప్‌లోనే ఈమెయిలు, అందులోనే నెట్ నుంచి దింపిన కాగితాలు, అన్నిటికీ ఒకే అసిస్టెంటు. కేసు నోట్సు చూసే అసిస్టెంటుకు మెయిలు కలపకండి.

చట్టం మాట కూడా చెప్పాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. కాగితం మీద రాసుకున్నదాన్ని తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించినా ఆ చట్టం కిందికి వస్తుంది. మన చేతిరాత పుస్తకాలన్నీ టైపు చేయించిన రోజునే దాని పరిధిలోకి వెళ్ళాయన్నమాట. అంగీకారం నిర్దిష్టంగా, ఫలానా పనికి అని చెప్పి తీసుకోవాలి. నోటీసు తెలుగులో అడిగే హక్కు కూడా ఆ స్త్రీకి ఉంది. పరిశోధనకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటి చాటున దాక్కోవద్దని నా మనవి. అత్యాచార బాధితురాలి గుర్తింపును బయటపెట్టడం నేరమన్నది 1983 నుంచి మన శిక్షాస్మృతిలో ఉంది, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షనుగా ఉంది. యంత్రం రాసిన రిపోర్టులో ఊరి పేరు దొర్లినా, మొత్తం రిపోర్టు మీద సంతకం మనదే.

ఇంతా విని 'అయితే కలపొద్దంటారా?' అని మీరు అడుగుతారు. ఉదయం ఒక చెల్లెలు అడిగింది కూడా. నేను తీసెయ్యలేదు. ఆ మధ్యవర్తి ఇద్దరు స్త్రీల దగ్గరికీ వెళ్ళిన ఒకే మనిషి అని తర్వాత మేం విచారించి నిర్ధారించుకున్నాం. ఆ ఆధారం లేకపోతే మా ఫిర్యాదు అంత బలంగా ఉండేది కాదు. తాను చెప్పినది ఇలాంటి పనికి వస్తుందంటే ఆ అప్ప సంతోషంగానే ఒప్పుకుంది. తన కూతురి సంసారం ఈ లెక్కలోకి రాకూడదంది, అంతే.

నేను ప్రస్తుతం వాడుతున్న అంగీకార పత్రం ముసాయిదా మీ అందరికీ పంచాం. చదవడం రానివాళ్ళకు చదివి వినిపించడానికి వీలుగా రాశాను. మూడో పేరాలో 'కంప్యూటరు ప్రోగ్రాం చదువుతుంది' అని ఉంది. ఆ అప్పకు అది చదివి వినిపిస్తే, 'సదివి ఎవులికి సెప్తాదో కూడా రాయి' అంది. దానికి సరైన వాక్యం నాకు ఇంకా కుదరలేదు. మీ ఊళ్ళ మాటలో ఎలా చెబుతారో ఇప్పుడు బృందాలుగా కూర్చుని రాద్దాం. బాడంగి వైపువాళ్ళు కిటికీ పక్కకు రండి.